కోల్కా పారిష్ ఏ జిల్లాలో ఉన్నట్టు? పటానికో రకంగా ఎందుకుంది?

పాతపటాలపిచ్చి:
అందరికీ నమస్కారం. బాల్టిక్ తీరంలోని పల్లెల మీద ఒక వెబ్ పత్రికకి వ్యాసం రాస్తున్నాను. లాట్వియా వాయవ్య కొసన ఉన్న కోల్కా పారిష్ (పారిష్ అంటే అక్కడ కొన్ని ఊళ్లు కలిసిన చిన్న పాలనా యూనిట్) దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అది ఎక్కడుందో తెలుసు. ఒక పక్క రీగా సింధుశాఖ, ఇంకో పక్క అసలు బాల్టిక్ సముద్రం, మధ్యలో నీళ్లలోకి పొడుచుకొచ్చిన కోల్కా అగ్రం. ఎదురుగా ఇర్బే జలసంధి, అది దాటితే సుమారు 30 కిలోమీటర్లలో ఎస్తోనియా వాళ్ల సారెమా దీవి. ఇంతవరకూ ఏ పేచీ లేదు.

పేచీ అంతా అది ఎవరి కింద ఉంది అన్న దగ్గరే. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు జర్మన్ పటంలో అగ్రం పేరు డొమెస్‌నెస్, ఊళ్లన్నీ దొండాంగెన్ ఎస్టేటువి, విండావు జిల్లా. 1930ల నాటి పటంలో వెంట్స్‌పిల్స్ జిల్లా, దుందాగా పారిష్. సోవియట్ పటంలో తల్సి జిల్లా. 2012 నాటి అట్లాస్‌లో దుందాగా మునిసిపాలిటీ. ఇప్పుడు ఫోన్‌లో చూస్తే తల్సి మునిసిపాలిటీ. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు. వీటిలో ఏది రాయమంటారు?

రీగాకుర్రాడు:
అన్నా, అన్నీ కరెక్టే. దేని కాలానికి అది. దొండాంగెన్ అంటే దుందాగాయే, విండావు అంటే వెంట్స్‌పిల్సే, జర్మన్ పేర్లు అంతే. ఈరోజుకి అయితే తల్సి మునిసిపాలిటీ, అందులో కోల్కా పారిష్. 2021 జులై 1 నుంచి అలా.

నేను రీగాలో చదువుకుంటున్నాను. ఇక్కడ మన తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు, కానీ అందరూ యూర్మలా బీచ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేస్తారు. కోల్కా రీగా నుంచి సుమారు 160 కిలోమీటర్లు. బస్సు సింధుశాఖ ఒడ్డునే ఎంగురే, మేర్స్‌రగ్స్, రోయా మీదుగా వెళ్తుంది. మూడు గంటలకు పైనే పడుతుంది. వెళ్లాక చూడాల్సింది ఆ అగ్రమే. రెండు వైపుల నుంచి వచ్చే అలలు ఇసుక తిన్నె మీద అడ్డదిడ్డంగా కొట్టుకుంటాయి. ఒడ్డు కోసుకుపోయి పైన్ చెట్లు వేళ్లతో సహా ఇసుకలో పడి ఉంటాయి. దూరంగా నీళ్లలో ఒక లైట్‌హౌస్ కనిపిస్తుంది, అది మనుషులు రాళ్లు పోసి కట్టిన దీవి మీద ఉంది. ఇప్పుడున్న టవర్ 1884 నాటిది. అక్కడ నీళ్లు చూడటానికి ప్రశాంతంగా ఉన్నా ఈతకి దిగొద్దని బోర్డు ఉంటుంది. ప్రవాహాలు రెండు దిక్కుల్లో లాగుతాయి.

ఊరి బోర్డుల మీద రెండేసి పేర్లు ఉంటాయి. పైన లాట్వియన్, కింద లీవు భాష, అంటే ఆ తీరంలోని లీవులు అనే జనం భాష. మజిర్బే బోర్డు కింద ఇరే అని, పిత్రగ్స్ కింద పిత్రొగ్ అని. దీని సంగతి నాకంటే మంజరి గారు బాగా చెబుతారు.

విశ్రాంతతహసీల్దార్:
పాతపటాల తమ్ముడూ, పటాలు తర్వాత చూద్దాం. నాకు ముందు ఒక మాట చెప్పండి. ఈ పారిష్ అనేదానికి అధికారం ఏముంది? కౌన్సిల్ ఉందా? పన్ను వసూలు చేస్తుందా? పుట్టుక, చావు రిజిస్టరు ఎవరి దగ్గర ఉంటుంది? భూమి రికార్డు ఎవరిది? ఈ నాలుగూ తెలిస్తే ఆ యూనిట్ బతికుందో, పేరుకే ఉందో తెలిసిపోతుంది. రెవెన్యూలో ఇన్నేళ్లు చేసి నేను నేర్చుకున్నది ఇదొక్కటే.

రీగాకుర్రాడు:
మాస్టారూ, మీ ప్రశ్నలకి వరసగా చెబుతాను. సొంత కౌన్సిల్ 2009 దాకా ఉండేది, ఇప్పుడు లేదు. ఎన్నికలు మునిసిపాలిటీకి మాత్రమే. పారిష్‌లో ఆఫీసు ఒకటి ఉంటుంది, అర్జీలు తీసుకోవడం, స్థానికంగా చిన్నచిన్న పనులు చూడటం దాని పని. జనన మరణాల నమోదు మునిసిపాలిటీది. భూమి హక్కుల పుస్తకం కోర్టు వ్యవస్థ కింద, సర్వే, కడాస్టర్ (భూమి హద్దులు, కొలతల రిజిస్టరు) ప్రభుత్వ భూమి సేవా విభాగం కింద. అంటే రెండూ రాజ్యం చేతిలోనే. పారిష్ చిరునామాలో ఉంటుంది, జనాభా లెక్కల్లో ఉంటుంది, కడాస్టర్‌లో దాని హద్దు ఉంటుంది.

విశ్రాంతతహసీల్దార్:
అయితే అది రెవెన్యూ గ్రామం లాంటిది. పంచాయతీ పోయినా సర్వే నంబరు పోదు. అర్థమైంది. ఇప్పుడు ఆ హద్దు ఎవరు గీశారో చెప్పండి. అసలు కథ అక్కడ ఉంటుంది.

స్వరమంజరి:
మీరు సరిగ్గా పట్టుకున్నారు మాస్టారూ. నేను ఎస్తోనియాలోని తార్తులో ఫిన్నిక్ భాషల మీద పని చేస్తున్నాను, కోల్కా తీరం పేరు మాకు రోజూ వినబడేదే. కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

అసలు హద్దు గీసింది ఎస్టేటు. కోల్కా నుంచి పడమరగా వస్తే వైదే, సౌనగ్స్, పిత్రగ్స్, కోష్‌రగ్స్, మజిర్బే, సీక్రగ్స్. ఈ ఊళ్లన్నీ దుందాగా ఎస్టేటువి. చివర్లో దాని యజమానులు ఒస్టెన్-సాకెన్ అనే బాల్టిక్ జర్మన్ కుటుంబం. సీక్రగ్స్ దాటాక లీలిర్బే, మికెల్‌తోర్నిస్, లూజ్నా. ఇవి పోపే ఎస్టేటువి, బేర్ కుటుంబానివి. రెండు వైపులా ఉన్నది ఒకే జనం, లీవులు. చేపలు పట్టుకుని బతికేవాళ్లు. వాళ్ల భాష లాట్వియన్‌కి చుట్టం కాదు. ఎస్తోనియన్‌కి, ఫిన్నిష్‌కి దగ్గర. కానీ దుందాగా వైపు వాళ్లు ఒక మాండలికం, పోపే వైపు వాళ్లు ఇంకో మాండలికం మాట్లాడేవారు. తూర్పు, పడమర అని విడదీస్తాం. లీలిర్బే మధ్యస్థంగా ఉండేది. ఎస్టేటు హద్దు వల్లే మాండలికాలు చీలాయని నేను అనను. కానీ ఒక దొర కింద పనిచేసేవాళ్లు ఎక్కువగా ఒకే చర్చికి వెళ్లడం, దగ్గర్లోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల ఆ చీలిక గట్టిపడిందని అనుకోవడంలో తప్పులేదు.

ఇప్పుడు పటం తీసి చూడండి పాతపటాలు గారూ. ఈరోజు కోల్కా పారిష్ పడమర హద్దు సీక్రగ్స్ దాటాక వస్తుంది. అవతల తార్గలే పారిష్, అది వెంట్స్‌పిల్స్ మునిసిపాలిటీ. రమారమి పాత ఎస్టేటు గీతే అది. దొరలు పోయారు, జార్ పోయాడు, సోవియట్ పోయింది. ఆ గీత మాత్రం ఉంది.

పాతపటాలపిచ్చి:
అబ్బ! నేను ఇన్నాళ్లూ జిల్లా పేర్లు చూస్తూ కూర్చున్నాను, పారిష్ హద్దుల వైపు చూడనే లేదు. జర్మన్ పటం మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి చూశాను, సీక్రగ్స్ దగ్గర రెండు గీతలూ బాగా దగ్గరగా వస్తున్నాయి. ఎస్టేటు నుంచి పారిష్ ఎలా వచ్చిందో కూడా చెప్పండి మంజరి గారూ.

స్వరమంజరి:
పశ్చిమ లాట్వియా అయిన కుర్జెమెలో, అంటే అప్పటి రష్యా సామ్రాజ్యపు కోర్లాండ్ గవర్నేటులో (రాష్ట్రం లాంటిది), వెట్టి రైతులకి 1817 చట్టంతో విముక్తి వచ్చింది. మనిషికి స్వేచ్ఛ వచ్చింది కానీ భూమి దొరదే. కాబట్టి రైతు అదే దొర దగ్గర కౌలుకి ఉండాల్సి వచ్చింది. రైతుల సమాజం అంటూ ఒకటి ఏర్పడింది గానీ దాని మీద ఎస్టేటు పెత్తనం పోలేదు. అసలు మార్పు 1866లో వచ్చింది. ఆ ఏడాది బాల్టిక్ ప్రాంతాల గ్రామ సమాజ చట్టంతో పారిష్ ఎస్టేటు పర్యవేక్షణ నుంచి బయటపడింది. సొంత పెద్దలు, సొంత సభ, సొంత న్యాయస్థానం. లాట్వియన్లు దాన్నే పగస్త్స్ అంటారు. చాలాచోట్ల పారిష్‌లు ఎస్టేటు హద్దుల మీదే నిలిచాయి. దుందాగాలోనూ అంతే.

1920 సెప్టెంబరులో స్వతంత్ర లాట్వియా భూసంస్కరణ చట్టం తెచ్చింది. ఎస్టేటు భూములు రాజ్యం తీసుకుని పంచింది. దాంతో ఎస్టేటు అయిపోయింది. పారిష్ మిగిలింది.

కొండపల్లిబొమ్మ:
ఆసక్తిగానే ఉంది గానీ ఒక డౌటు. అంత ప్రత్యేకమైన జనం అయినప్పుడు, కొత్త దేశం వచ్చినప్పుడే మాకో పారిష్ కావాలని అడగొచ్చు కదా? దుందాగా కింద ఎందుకు పడి ఉన్నారు?

స్వరమంజరి:
> మాకో పారిష్ కావాలని అడగొచ్చు కదా?

అడిగారు! 1923 ఏప్రిల్‌లో లీవుల సంఘం పెట్టుకున్నారు. వాళ్ల కోరికల్లో ముఖ్యమైనది ఇదే. తీరంలోని లీవు ఊళ్లన్నీ కలిపి ఒకే పారిష్ చేయాలి, అందులో లీవు భాష తెలిసిన ఉద్యోగులు ఉండాలి. ప్రభుత్వం ఒప్పుకోలేదు. దేశం పుట్టి ఐదేళ్లు, అప్పుడే ఒక చిన్న జనానికి సొంత పాలన అంటే రీగాకి ఇబ్బంది. దానికి బదులు బడుల్లో లీవు భాషని ఐచ్ఛికంగా చెప్పడానికి అనుమతి ఇచ్చారు. ఒక మాస్టారు ఊరూరూ తిరిగి పాఠాలు చెప్పేవాడు. అదే ఏడాది నవంబరు 18న మజిర్బేలో లీవుల జెండా మొదటిసారి ఎగరేశారు. ఆకుపచ్చ, తెలుపు, నీలం. అడవి, ఇసుక, సముద్రం.

నా దృష్టిలో పాతపటాలు గారి వ్యాసానికి గుండెకాయ ఈ రాని పారిష్. అది వచ్చి ఉంటే కోల్కా నుంచి లూజ్నా దాకా ఒకే యూనిట్ అయ్యేది. రాలేదు కాబట్టే ఆ తీరం ఇప్పటికీ రెండు ముక్కలు.

కొండపల్లిబొమ్మ:
లీవుల రాజు అని ఎవరో ఉన్నాడని చదివాను, నిజమా? ఏకంగా రాజ్యమే అడిగాడట!

స్వరమంజరి:
నిజమే. ఉల్ద్రికిస్ కాప్‌బెర్గ్స్. తనే లీవుల రాజునని ప్రకటించుకున్నాడు, లాట్వియా అధికారాన్ని ఒప్పుకోలేదు. 1932లో పోయాడు. జనం దీన్ని నవ్వుకోడానికి చెబుతారు గానీ, సంఘం తీర్మానాలు పెట్టి మర్యాదగా అడిగితే దొరకనిది చూసి ఒక పల్లెటూరి మనిషికి కోపం రావడంలో నాకు నవ్వేమీ కనిపించదు.

విశ్రాంతతహసీల్దార్:
అమ్మా మంజరీ, ప్రభుత్వం వైపు కూడా ఒకసారి చూడాలి. పొడవుగా ఒడ్డు వెంట ఒక సన్నటి చీలిక, జనం కొన్ని వందల కుటుంబాలు. దానికి ఆఫీసు, బడి, రోడ్డు ఎలా నడుస్తాయి? లోపలి భూమి లేని తీరం యూనిట్‌కి ఆదాయం ఎక్కడిది? ఒప్పుకోకపోవడానికి అనుమానమే కారణమని అనలేం.

స్వరమంజరి:
మాస్టారూ, ఆ వాదన అప్పుడూ ఉండే ఉంటుంది, కొట్టిపారేయను. 1935 జనాభా లెక్కల్లో లీవులమని చెప్పుకున్నవాళ్లు వెయ్యి లోపే. కానీ దుందాగా పారిష్‌లో ఉంటే ఓట్లలో వాళ్లు ఎప్పుడూ మైనారిటీయే. డబ్బు లేని పారిష్ కావాలా, మాట చెల్లని పారిష్ కావాలా అంటే వాళ్లు మొదటిది కోరుకున్నారు.

డబ్బు విషయంలో ఒకటి గుర్తొచ్చింది. మజిర్బేలో లీవుల ఇల్లు అని ఒక సాంస్కృతిక భవనం ఉంది. ఫిన్లాండ్, ఎస్తోనియా, హంగరీ నుంచి చుట్టరికం ఉన్న జనాలు ఇచ్చిన సాయంతో, లాట్వియా ప్రభుత్వం కూడా కొంత కలిపి కట్టారు. 1939 ఆగస్టు 6న తెరిచారు. ఇంకో నెల తిరక్కుండా రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

రీగాకుర్రాడు:
భూగోళం వైపు కొంచెం నేను పూరిస్తాను, ఎందుకంటే మాస్టారు అన్న ఆ సన్నటి చీలికకి కారణం అక్కడి నేలే.

సముద్రం నుంచి లోపలికి నడిస్తే ముందు ఇసుక, తర్వాత ఊరు, తర్వాత పైన్ అడవి. ఆ అడవిలో నేల వరసలు వరసలుగా ఉంటుంది. ఒక ఎత్తైన ఇసుక గట్టు, దాని పక్కనే తడి పల్లం, మళ్లీ గట్టు, మళ్లీ పల్లం. గట్లని కంగరి అని, పల్లాలని విగ అని అక్కడివాళ్లు అంటారు. వేల ఏళ్లుగా సముద్రం వెనక్కి జరుగుతూ వదిలేసిన పాత ఒడ్లు ఇవి. గట్టు మీద నడవొచ్చు, పల్లంలో దిగితే బురదే. దాంతో దారులు తీరానికి సమాంతరంగా పోయినంత తేలిగ్గా లోపలికి పోవు. ఊళ్లు ఒడ్డు వెంట వరసగా ఏర్పడ్డాయి.

ఇంకా లోపలికి వెళ్తే అడవిలో ఒక్కసారిగా నిటారుగా లేచే గట్టు వస్తుంది. స్లీతెరే నీలి కొండలు అంటారు. కొండలు అనేది మర్యాదకే, మన తూర్పు కనుమలు చూసినవాళ్లు నవ్వుతారు. మంచుయుగం చివర్లో ఉన్న బాల్టిక్ హిమ సరస్సు ఒడ్డు అది. సముద్రంలో పోయేవాళ్లకి దూరం నుంచి నీలంగా కనబడేదట. దాని మీద స్లీతెరే లైట్‌హౌస్, ఒడ్డుకి సుమారు 5 కిలోమీటర్ల లోపల, 1850 నాటిది. సముద్రానికి అంత దూరంలో లైట్‌హౌస్ ఏంటని మొదట నాకూ వింతే. ఎత్తు మీద ఉంది కాబట్టి దీపం సముద్ర మట్టానికి సుమారు 100 మీటర్ల పైన ఉండేది.

ఈ ప్రాంతంలో చాలా భాగం ఇప్పుడు స్లీతెరే నేషనల్ పార్కు. 2000లో ఏర్పడింది, అంతకుముందు కూడా రక్షిత ప్రాంతమే. నేల, సముద్రం కలిపి దాదాపు 265 చదరపు కిలోమీటర్లు. దేశంలో ఉన్న నాలుగు నేషనల్ పార్కుల్లో ఇదే చిన్నది. 1992లో లోపలి బజు బురదనేల అంటుకుని పెద్ద అడవి కాలిపోయింది. కోల్కాకి దక్షిణంగా సింధుశాఖ వైపు ఎవాజి దగ్గర ఇసుక గట్టు నిట్టనిలువుగా ఉంటుంది, చూడటానికి మెట్లు వేశారు. వైదేలో ఒకాయన అడవిలో దొరికిన దుప్పి కొమ్ములు పోగేసి మ్యూజియం పెట్టాడు, అదీ చూడండి.

కొండపల్లిబొమ్మ:
దుందాగా అంటే ఆ మొసలి ఊరే కదా? అక్కడ మొసలి విగ్రహం ఉంటుందట. ఆస్ట్రేలియాలో మొసళ్లు వేటాడిన ఒకాయన సొంతూరు అదేనని చదివాను. అడవిలో పుట్టి అక్కడికెళ్లి మొసళ్లు పట్టాడంటే...

మోడరేటర్:
మొసలి కబుర్లకి కాలక్షేపం విభాగం ఉంది. ఇక్కడ కోల్కా సంగతి కానివ్వండి.

పాతపటాలపిచ్చి:
మోడరేటర్ గారూ, ఆ ఒక్క మొసలినీ వ్యాసంలో ఫుట్‌నోటుగా పెట్టుకుంటాను, క్షమించేయండి. రీగా తమ్ముడూ, నేల వర్ణన అద్భుతం. మరి సోవియట్ కాలంలో తల్సి జిల్లా ఎలా వచ్చింది? వెంట్స్‌పిల్స్ నుంచి ఎందుకు తెంచారు?

రీగాకుర్రాడు:
1945లో పారిష్‌ల లోపల గ్రామ సోవియట్లు, అంటే గ్రామ మండళ్లు పెట్టారు. కొంతకాలం రెండూ కలిసి నడిచాయి. 1949 డిసెంబరు 31న పాత జిల్లాలనీ పారిష్‌లనీ ఒకేసారి రద్దు చేశారు. వాటి బదులు రాయొన్లు (సోవియట్ తరహా జిల్లాలు), మొదట 58. వాటిని కలుపుతూ కలుపుతూ 1960ల చివరికి 26కి తెచ్చారు. ఆ ఊపులోనే దుందాగా వైపు ప్రాంతమంతా చివరికి తల్సి రాయొన్‌లో స్థిరపడింది. కోల్కా దానిలో ఒక గ్రామ సోవియట్. 1990లో గ్రామ సోవియట్లనే మళ్లీ పారిష్‌లు అని పేరు మార్చారు. అందుకే ఇప్పటి కోల్కా పారిష్ 1866 నాటి దుందాగా పారిష్‌కి నేరు వారసురాలు కాదు. దానిలోంచి సోవియట్ కోసిన ముక్క. ఇది వ్యాసంలో తప్పకుండా రాయండి.

తీరం జనానికి మాత్రం రాయొన్ కంటే పెద్ద దెబ్బ సరిహద్దు జోన్. బాల్టిక్ సముద్రం అవతల స్వీడన్ కదా. తీరమంతా కాపలా బురుజులు, ఇసుకని దున్ని పెట్టేవాళ్లు, అడుగులు పడితే తెలిసేలా. పడవ ఎప్పుడు దింపాలో, ఎప్పుడు తేవాలో సైనికులు చెప్పేవాళ్లు. చిన్న ఊళ్లలో చేపల పని ఆగిపోయింది. పెద్ద సహకార సంఘాలు కోల్కా, రోయా, వెంట్స్‌పిల్స్‌లో పెట్టారు. పని కావాలంటే అక్కడికి పోవాలి. మజిర్బే దగ్గర అడవిలో పాత చెక్క పడవలు కుళ్లిపోతూ పడి ఉన్న చోటు ఉంది, పడవల శ్మశానం అంటారు. అక్కడి పాత నావికా బడి సరిహద్దు సైనికుల శిబిరం అయింది.

ఇంకోటి, 1916లో జర్మన్ సైన్యం అడవిలో సన్న రైలు లైను వేసింది. పట్టాల మధ్య 600 మిల్లీమీటర్లే. స్టెండె నుంచి దుందాగా, మజిర్బే మీదుగా వెంట్స్‌పిల్స్ దాకా. యుద్ధం కోసం వేసినా తర్వాత జనానికి అదే దిక్కు అయింది. 1963లో మూసేశారు. మజిర్బే నుంచి లీలిర్బే వైపు మనుషుల రాకపోకలు తగ్గిపోడానికి ఇదీ కారణమే.

స్వరమంజరి:
రైలు సంగతి ఎత్తినందుకు థాంక్స్ తమ్ముడూ. ఎస్టేటు గీత దాటి తూర్పు, పడమర ఊళ్లని కలిపిన పెద్ద సౌకర్యం అదొక్కటే. అది పోయాక గీత మళ్లీ గట్టిపడింది.

ఇంకో వింత చూడండి. 1991 ఫిబ్రవరిలో, దేశం పూర్తిగా విడిపోకముందే, లీవు తీరాన్ని ప్రత్యేక రక్షిత సాంస్కృతిక ప్రాంతంగా ప్రకటించారు. 1923లో అడిగిన పారిష్‌కి అది కొంచెం దగ్గర. రెండు జిల్లాల ఊళ్లూ కలిపి ఒకే పేరు కింద వచ్చాయి. కానీ అది పాలనా యూనిట్ కాదు, పన్ను లేదు, ఎన్నిక లేదు. పటంలో పారిష్ గీతలు అలాగే ఉన్నాయి.

విశ్రాంతతహసీల్దార్:
2009, 2021 సంగతి చెప్పండి. నాకు సంస్కరణలంటే సరదా. మన దగ్గర 1985లో తాలూకాలు తీసి మండలాలు పెట్టినప్పుడు నేను కొత్తగా ఉద్యోగంలో ఉన్నాను. అప్పుడు ఆఫీసుని జనం దగ్గరికి తెస్తున్నాం అన్నారు. అక్కడ ఏమన్నారు?

రీగాకుర్రాడు:
అక్కడ ఉల్టా మాస్టారూ. చిన్న యూనిట్లకి డబ్బు లేదు, నిపుణులు దొరకరు, జనాభా తగ్గిపోతోంది, కాబట్టి కలపాలి అన్నారు. 2009లో 26 జిల్లాలు తీసేసి 109 మునిసిపాలిటీలు, 9 నగరాలు చేశారు. కోల్కా పారిష్, దుందాగా పారిష్ కలిసి దుందాగా మునిసిపాలిటీ అయ్యాయి. రెండే రెండు. కాబట్టి 2009 నుంచి 2021 దాకా పాత ఎస్టేటు మళ్లీ పటంలో కనబడిందనుకోవచ్చు. 2021లో మొత్తం 119 నుంచి 43కి తగ్గించారు. దుందాగా, రోయా, మేర్స్‌రగ్స్ మూడూ తల్సిలో కలిశాయి. తమాషా ఏంటంటే మేర్స్‌రగ్స్ 2011లోనే రోయా నుంచి విడిపోయి సొంత మునిసిపాలిటీ అయింది. పదేళ్లలో ఇద్దరూ మళ్లీ ఒకే కప్పు కింద.

ఈ విలీనాల మీద కొన్ని మునిసిపాలిటీలు రాజ్యాంగ న్యాయస్థానానికి కూడా వెళ్లాయి. కోల్కా నుంచి తల్సి పట్టణం 70 కిలోమీటర్లకు పైనే. చలికాలంలో మధ్యాహ్నం నాలుక్కే చీకటి పడుతుంది. ముసలివాళ్లు ఎక్కువున్న ఊరు. పారిష్ ఆఫీసు తీసేస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

విశ్రాంతతహసీల్దార్:
దూరం లెక్క ఒక్కటే చూస్తే అన్యాయం. కానీ మన మామూలు పంచాయతీ జనాభా కూడా లేని పారిష్‌కి ఇంజనీరు, అకౌంటెంటు, సోషల్ వర్కరు వేరేగా ఎవరు ఇస్తారు? నేనైతే విలీనానికే ఓటేస్తాను, ఆఫీసు మాత్రం ఊళ్లో ఉంచాలని పట్టుబడతాను.

స్వరమంజరి:
నేను వెయ్యను. ఇంతకుముందు దుందాగాలో కనీసం కోల్కా సగం పేరు. ఇప్పుడు తల్సి కౌన్సిల్ ముందున్న అనేక పారిష్‌లలో ఒకటి. 2023 నుంచి అమల్లో ఉన్న స్థానిక ప్రభుత్వ చట్టంలో నివాసుల మండళ్లు పెట్టుకునే వీలుంది, అవి సలహా ఇవ్వగలవు, నిర్ణయం చేయలేవు.

కొండపల్లిబొమ్మ:
ఇంతకీ ఆ లీవు భాష ఇప్పుడు ఎవరైనా మాట్లాడతారా? బోర్డుల మీద పేర్లు టూరిస్టుల కోసమేనా?

స్వరమంజరి:
బోర్డులు సరదాకి పెట్టినవి కావు. రాజభాష చట్టంలోనే ఉంది, లీవు తీరంలో స్థలాల పేర్లు లీవు భాషలో కూడా ఉండాలని. అదే చట్టం లీవు భాషని దేశపు మూలవాసుల భాషగా గుర్తిస్తుంది. లాట్వియన్, లీవు తప్ప మిగతావన్నీ విదేశీ భాషలే. 2014లో రాజ్యాంగ పీఠికలో లీవు సంప్రదాయాల ప్రస్తావన కూడా చేర్చారు. లీవు భాష మాతృభాషగా పెరిగిన చివరి మనిషి గ్రిజెల్డా క్రిస్టిన్ 2013లో కెనడాలో పోయింది. నేర్చుకుని మాట్లాడేవాళ్లు ఉన్నారు, రాసేవాళ్లు ఉన్నారు. 2018 నుంచి లాట్వియా విశ్వవిద్యాలయంలో లీవు సంస్థ పనిచేస్తోంది.

పాతపటాలు గారూ, ఒక విన్నపం. వ్యాసంలో దయచేసి అంతరించిన జాతి అని రాయకండి. ఏటా ఆగస్టు మొదటి శనివారం మజిర్బేలో లీవుల పండగ జరుగుతుంది, వచ్చేవాళ్లలో మా నానమ్మ లీవు అని చెప్పేవాళ్లు బోలెడంతమంది. వాళ్ల ముందు ఆ మాట అనగలమా?

విశ్రాంతతహసీల్దార్:
ఒక చివరి సందేహం. ఎవరైనా అక్కడి పాత కుటుంబాల రికార్డులు వెతకాలంటే పారిష్ పేరుతో వెతకాలా?

స్వరమంజరి:
1918కి ముందువి అయితే చర్చి పరిధి పేరుతో వెతకాలి మాస్టారూ. పాలనా పారిష్, చర్చి పరిధి రెండూ వేర్వేరు, హద్దులు కలవవు. బాప్తిజం, పెళ్లి, మరణం రిజిస్టర్లు చర్చివి. రీగాలోని చారిత్రక ఆర్కైవ్ చాలావాటిని రదురక్స్తి అనే పోర్టల్‌లో స్కాన్ చేసి పెట్టింది. కోల్కాలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ లూథరన్లు, ఆర్థడాక్స్ వాళ్లు ఇద్దరూ ఉండేవారు, రెండు చర్చిలూ ఇప్పటికీ ఉన్నాయి, తర్వాత క్యాథలిక్ చర్చి కూడా వచ్చింది. ఒకే ఇంట్లో అన్నదమ్ముల పేర్లు రెండు చర్చిల పుస్తకాల్లో దొరికే అవకాశం ఉంది.

పాతపటాలపిచ్చి:
ఇదిగో, పరిచయ భాగం ఇలా రాసుకున్నాను. చూసి చెప్పండి:

"కోల్కా పారిష్ ప్రస్తుతం తల్సి మునిసిపాలిటీలో ఉంది. 2009 నుంచి 2021 వరకు దుందాగా మునిసిపాలిటీలో, అంతకుముందు తల్సి జిల్లాలో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెంట్స్‌పిల్స్ జిల్లా దుందాగా పారిష్‌లో భాగం. దాని పడమటి హద్దు దుందాగా, పోపే ఎస్టేటుల మధ్య ఉన్న పాత గీతకి దగ్గరగా పోతుంది. ఆ గీతకి రెండు వైపులా ఉన్న లీవు ఊళ్లని ఒకే పారిష్ చేయాలని 1923లో లీవుల సంఘం కోరింది, ప్రభుత్వం అంగీకరించలేదు."

ఫొటోల్లో స్లీతెరే లైట్‌హౌస్ కూడా పెడుతున్నాను, కోల్కా పారిష్ శీర్షిక కిందే.

రీగాకుర్రాడు:
అంతా బాగుంది అన్నా, లైట్‌హౌస్ ఒక్కటి మార్చండి. నేషనల్ పార్కు రెండు పారిష్‌లలోకీ వస్తుంది. నీలి కొండల అంచు మీద ఉన్న ఆ లైట్‌హౌస్ దుందాగా పారిష్‌ది. కోల్కాకి నీళ్లలో ఉన్న లైట్‌హౌస్ ఫొటో పెట్టండి. నా దగ్గర ఒకటి ఉంది, మబ్బు పట్టిన రోజు తీసింది, కావాలంటే పంపిస్తాను.